పాస్కా కాలం యాభై రోజులు: తపస్సు కాలం ముగిశాక మన ఇళ్లలో ఏమి మిగులుతోంది?

గడపదీపం

అందరికీ క్రీస్తు పునరుత్థాన పండుగ (పాస్కా, ఈస్టరు) శుభాకాంక్షలు. పండుగ వెళ్లి పది రోజులు దాటాక శుభాకాంక్షలు ఏమిటని కొందరు అనుకోవచ్చు. నా ప్రశ్న కూడా సరిగ్గా అదే.

పాస్కాకు ముందు వచ్చే తపస్సు కాలంలో ఏ రోజు ఏమి చేయాలో మా ఇంట్లో ఎవరూ ఎవరికీ చెప్పనక్కరలేదు. విభూది బుధవారం నుదుట విభూదితో మొదలుపెడతాము, శుక్రవారాలు సిలువ మార్గానికి వెళ్తాము, ఏదో ఒక ఖర్చు మానుకుని ఆ సొమ్ము అవసరంలో ఉన్నవారికి ఇస్తాము, పవిత్ర వారం రాకముందే గురువు దగ్గర పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) చేసుకుంటాము. నలభై రోజులూ ఇంటిల్లిపాదీ ఒకే తాడు పట్టుకుని నడిచినట్టు ఉంటుంది. పండుగ ముందురాత్రి జరిగే పాస్కా జాగరణ ముగించుకుని అర్ధరాత్రి ఇల్లు చేరి, మరునాడు పండుగ చేసుకున్నామో లేదో, ఆ తాడు చేతిలోంచి జారిపోతుంది. సోమవారం నుంచి కుటుంబ ప్రార్థన కూడా పలచబడుతుంది.

ప్రార్థన బల్ల మీద పరిచిన ఊదారంగు గుడ్డను ఈసారి పవిత్ర శనివారం నాడు తీసి, మడతపెట్టి అలమరలో దాచాను. దాని స్థానంలో ఏమీ పరచలేదు. ఎనిమిదేళ్ల మా అమ్మాయి ఆ ఖాళీ బల్లను చూసి, "అమ్మా, ఇప్పుడు మనం ఏం చేయాలి?" అని అడిగింది. "ఏమీ లేదమ్మా, పండుగ అయిపోయిందిగా" అన్నాను. అన్న మరుక్షణమే అది తప్పు జవాబని తెలిసింది, కానీ సరైన జవాబు ఏమిటో తోచలేదు.

పాస్కా కాలం యాభై రోజులని పుస్తకంలో చదివాను. ఆ యాభై రోజులను మీ ఇళ్లలో ఎలా గడుపుతున్నారో, అసలు తిరుసభ (కతోలిక సంఘం) సంవత్సరం మొత్తాన్ని ఒక గృహస్థు ఎలా జీవించాలో, తెలిసినవారు దయచేసి రాయండి.

పాత ఉపదేశి

గడపదీపం గారూ, మీరు అమ్మాయికి ఇచ్చిన జవాబు తప్పే కానీ, ఆ తప్పు మీ ఒక్కరిదే కాదు. ఏళ్ల తరబడి ఉపదేశం చెప్పిన నేను కూడా పిల్లలకు తపస్సు కాలం గురించి ఆరు పాఠాలు, పాస్కా కాలం గురించి ఒకే ఒక్క పాఠం చెప్పినవాడినే.

ముందుగా లెక్క చూడండి. విభూది బుధవారం నుంచి పవిత్ర శనివారం వరకు 46 రోజులు ఉంటాయి. అందులోంచి 6 ఆదివారాలు తీసివేస్తే సంప్రదాయంగా మనం చెప్పుకునే 40 వస్తుంది. ఆదివారం ప్రభువు పునరుత్థాన దినం కాబట్టి, తపస్సు కాలంలో కూడా దానిని ఉపవాస దినంగా లెక్కించలేదు. పునరుత్థాన ఆదివారం నుంచి, పవిత్రాత్మ దిగివచ్చిన పెంతెకోస్తు పండుగ వరకు ఉన్న 50 రోజులలో మాత్రం ఒక్కదానిని కూడా లెక్క నుంచి తీసివేయరు. 1969లో వెలువడిన దైవార్చన సంవత్సర నియమాలు ఈ యాభై రోజులను ఒకే పండుగ దినంగా, ఒక "మహా ఆదివారం"గా జరుపుకోవాలని చెబుతున్నాయి. ఆ మాట 4వ శతాబ్దపు పునీత అథనాసియుసు వారిది. అంతకుముందు "పాస్కా తరువాతి ఆదివారాలు" అని పిలిచిన వాటిని ఆ సంస్కరణ "పాస్కా ఆదివారాలు"గా మార్చింది. చిన్న మార్పులా కనబడుతుంది కానీ, పండుగ వెనుకబడిపోలేదు, మనం ఇంకా దానిలోపలే ఉన్నాము అన్న సంగతి అంతా ఆ ఒక్క పదం తీసివేయడంలోనే ఉంది.

ఇక మీ అసలు చిక్కు ఏమిటంటే, తపస్సు కాలం మనకు పని చెబుతుంది, పాస్కా కాలం ఏ పనీ చెప్పనట్టు కనబడుతుంది. నిజానికి చెబుతుంది. పూర్వకాలంలో తపస్సు కాలం ముఖ్యంగా జ్ఞానస్నానానికి సిద్ధపడేవారి కాలం. పాస్కా కాలం, జ్ఞానస్నానం పొందినవారు తాము పొందినది ఏమిటో తెలుసుకునే కాలం. మిలానులో పునీత అంబ్రోసు వారి వంటి పీఠాధిపతులు (బిషప్పులు) కొత్తగా జ్ఞానస్నానం పొందినవారికి, నిన్న మీరు దిగిన నీళ్లకు అర్థం ఇది, మీ నుదుట పూసిన తైలానికి అర్థం ఇది అని ఆ కార్యం జరిగిన తరువాతే విడమరచి చెప్పేవారు. ముందు అనుభవం, తరువాత వివరణ. కాబట్టి పాస్కా కాలపు పని మానుకోవడం కాదు, అందుకున్నదానిని విప్పి చూసుకోవడం.

ఇంట్లో చేయదగినది ఒకటి చెబుతాను. ఈ కాలంలో ప్రతిరోజూ పూజలో మొదటి పఠనం అపొస్తలుల కార్యముల గ్రంథం నుంచే వస్తుంది. ఆ గ్రంథంలో అధ్యాయాలు 28. రోజుకు ముప్పావు అధ్యాయం చొప్పున మీరు ఇప్పుడు మొదలుపెట్టినా దాదాపు ముగించవచ్చు. త్రికాల జపానికి బదులుగా ఈ యాభై రోజులూ "పరలోక రాజ్ఞీ, ఆనందించుము" అనే జపం చెప్పుకోండి. బల్ల మీద తెల్లగుడ్డ పరచండి.

ప్రశ్నార్థకం

పెద్దల మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతున్నాను. బల్ల మీద ఏ రంగు గుడ్డ, ఏ రోజు ఏ జపం, ఎన్ని రోజుల లెక్క అన్నవి చూస్తుంటే, విశ్వాసం ఒక అలంకరణ పట్టికగా మారిపోతోందేమో అనిపిస్తుంది. పునీత పౌలు గలతీయులకు రాసిన లేఖ 4వ అధ్యాయం 10వ వచనంలో, దినాలను, నెలలను, కాలాలను, సంవత్సరాలను పాటిస్తున్నారని వారిని మందలించారు కదా. క్రీస్తు ప్రతిరోజూ సజీవుడైతే, ఏప్రిల్‌లో ఎక్కువగా, జూలైలో తక్కువగా సజీవుడు ఎలా అవుతాడు?

వాదన కోసం అడగడం లేదు. నేను పెరిగిన ఇంట్లో పండుగలన్నీ తప్పకుండా పాటించారు. పండుగ మరునాడు ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇల్లు అది.

రాత్రి డ్యూటీ

నేను ఆసుపత్రిలో నర్సును. నాకు ఆదివారమే ఆదివారంలా ఉండదు, ఇక యాభై రోజుల మాట ఎక్కడ! పవిత్ర శుక్రవారం సాయంత్రం డ్యూటీలో ఉన్నాను, పాస్కా జాగరణ రాత్రి కూడా డ్యూటీలోనే ఉన్నాను. ఇలాంటి ఉద్యోగంలో ఉన్నవారు తిరుసభ సంవత్సరాన్ని పాటించడం లేదనే అనుకోవాలా?

పాత ఉపదేశి

రాత్రి డ్యూటీ గారికి ముందు జవాబు. తిరుసభ చట్టసంహిత 1248వ నియమం ప్రకారం ఆదివారపు పూజ బాధ్యత ముందురోజు సాయంత్రం జరిగే పూజలో పాల్గొన్నా తీరుతుంది. ఆదివారాలు, మహోత్సవాలు (అన్నిటికంటే పెద్ద పండుగలు) ముందురోజు సాయంత్రమే మొదలవుతాయన్న పాత లెక్క మనలో ఇంకా బతికే ఉంది. తీవ్రమైన కారణం వల్ల అసలు రాలేకపోతే, ఒంటరిగానో కుటుంబంతోనో తగినంతసేపు ప్రార్థనలో గడపమని అదే నియమం సిఫారసు చేస్తుంది. రోగి మంచం పక్కన నిలబడటం తీవ్రమైన కారణమే. దాని కోసం మీరు పాపసంకీర్తనంలో క్షమాపణ అడగవలసిన పని లేదు.

ప్రశ్నార్థకం గారూ, గలతీయులు ఆ దినాలను పాటిస్తేనే రక్షణ అని నమ్మించబడ్డారు. పౌలు మందలించినది ఆ నమ్మకాన్ని. అదే పౌలు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 5వ అధ్యాయంలో, మన పాస్కా గొఱ్ఱెపిల్లయైన క్రీస్తు బలి అయ్యాడు కాబట్టి పండుగ జరుపుకుందాము అన్నారు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పెంతెకోస్తు నాటికి యెరూషలేములో ఉండాలని ఆయన త్వరపడినట్టు కూడా ఉంది. దినాలను పట్టించుకోని మనిషి అలా త్వరపడడు. అయితే పండుగ మరునాటి ఆ మౌనం గురించి మీరు చెప్పినదానికి వచనాలతో జవాబు లేదు.

కొత్త నీళ్లు

ఈ పాస్కా జాగరణలోనే నేను జ్ఞానస్నానం పొందాను. అందుచేత పెద్దల మధ్య మాట్లాడటానికి సంకోచంగా ఉంది కానీ, ప్రశ్నార్థకం గారి మాటకు నా దగ్గర ఒక జవాబు ఉంది.

ఉపదేశం తరగతుల్లో పునరుత్థానం గురించి నేను రాసుకున్న నోట్సు నలభై పేజీలు ఉంటుంది. జాగరణ రాత్రి దేవాలయంలో దీపాలన్నీ ఆర్పేశారు. బయట రగిలించిన కొత్త నిప్పుతో వెలిగించిన పాస్కా కొవ్వొత్తి ఒక్కటే ఆ చీకటిలోకి వచ్చింది. గురువు మూడుసార్లు ఆగి క్రీస్తు జ్యోతిని ప్రకటించారు. రెండవసారి తరువాత నా ముందు నిలబడిన ముసలావిడ వెనక్కి తిరిగి, వణుకుతున్న చేత్తో తన కొవ్వొత్తిని నా కొవ్వొత్తికి వంచారు. మైనం చుక్క ఒకటి నా బొటనవేలి మీద పడింది. అక్కడ ఎర్రబడిన మచ్చ వారం దాకా ఉంది. నలభై పేజీల నోట్సులో లేనిది ఏదో ఆ మచ్చలో ఉంది; దానిని ఇంతకంటే బాగా చెప్పడం నాకు చేతకాదు.

తరువాత పఠనాలు. ఇశ్రాయేలీయులు సముద్రం దాటిన నిర్గమకాండము 14వ అధ్యాయం చదువుతుంటే, మరి కొన్ని నిమిషాల్లో నేను దిగబోయే నీళ్లు అవేనని తట్టి కాళ్లు వణికాయి. క్రీస్తు జూలైలో తక్కువ సజీవుడు కాదు, నిజమే. కానీ నేను జూలైలో ఎలా ఉంటానో నాకు తెలుసు. ఒక రోజు వచ్చి నన్ను పట్టి కుదపకపోతే నాకు ఏదీ గుర్తుండదు.

పాత ఉపదేశి

కొత్త నీళ్లు గారు చీకటి గురించి రాశారు కాబట్టి ఒక పక్కమాట. ఆ జాగరణ శతాబ్దాల పాటు రాత్రి జరగలేదు. మధ్యయుగాల్లో నెమ్మదిగా ముందుకు జరుగుతూ వచ్చి, చివరికి పవిత్ర శనివారం ఉదయానికి స్థిరపడింది. తెల్లని ఎండలో నిలబడి "ఇదే ఆ రాత్రి" అని కీర్తించేవారు. 12వ భక్తినాథ (పయస్) పోపు గారు 1951లో దానిని తిరిగి రాత్రికి మార్చడానికి అనుమతి ఇచ్చి, 1955 నాటి పవిత్ర వార సంస్కరణతో అందరికీ వర్తింపజేశారు. చదవవలసిన పాత నిబంధన పఠనాలు ఏడు. అవసరాన్ని బట్టి కొన్ని తగ్గించవచ్చు కానీ, నిర్గమకాండము 14వ అధ్యాయాన్ని మాత్రం ఎప్పుడూ వదలకూడదు. మీ కాళ్లు వణికినది సరైన చోటే.

ముగ్గురి తల్లి

పిల్లలున్న ఇంటి సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఇందులో నేను ఒకసారి ఘోరంగా ఓడిపోయాను.

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలంలో ఒకసారి, సంవత్సరమంతా పక్కాగా పాటించాలని పట్టుబట్టి, ప్రతి పునీతుని రోజుకూ ఒక కథ, ఒక బొమ్మ, ఒక జపం చొప్పున పెద్ద పట్టిక రాసుకుని గోడకు అంటించాను. రెండవ వారానికే పిల్లలకు జలుబు, నాకు చిరాకు, పట్టిక మీద ఎవరో గీసిన ఏనుగు బొమ్మ. ప్రార్థన చేయలేదని పిల్లల మీద కేకలు వేసిన రోజున నా భర్త ఆ పట్టికను మెల్లగా గోడ నుంచి ఊడదీసి మడతపెట్టారు. ఆయన ఏమీ అనలేదు. ప్రశ్నార్థకం గారు చెప్పిన ఇల్లు ఎలా తయారవుతుందో ఆ రోజు నాకు కొంచెం అర్థమైంది.

అప్పటి నుంచి ఒక్కో కాలానికి ఒక్కటే పద్ధతి పెట్టుకున్నాను. ఆగమన కాలంలో ఆకుల వలయంలో నాలుగు కొవ్వొత్తులు. మూడు ఊదారంగువి, మూడవ ఆదివారం కోసం ఒకటి గులాబిరంగుది. వాటిని మొదటిసారి నిలబెట్టినది కతోలికులు కాదని తెలిసి ఆశ్చర్యపోయాను. హాంబర్గులో పేద పిల్లల ఆశ్రమం నడిపిన వికెర్న్ అనే లూథరన్ దైవశాస్త్రవేత్త 1839లో, క్రిస్మస్ ఇంకా ఎన్ని రోజులని పిల్లలు అడిగి అడిగి ప్రాణం తీస్తుంటే, బండి చక్రం మీద ఆదివారాలకు పెద్దవి, మామూలు రోజులకు చిన్నవి చొప్పున కొవ్వొత్తులు అమర్చారట. పిల్లల తాకిడికి పుట్టిన పద్ధతి కాబట్టే పిల్లల ఇంట్లో నిలబడిందని నా నమ్మకం.

గడపదీపం గారి చిక్కు క్రిస్మస్‌కూ ఉంది. డిసెంబరు నెలంతా క్రిస్మస్ చేసుకుని 26న అన్నీ సర్దేస్తాము. నిజానికి 25న మొదలయ్యే కాలం జనవరిలో ప్రభువు జ్ఞానస్నాన పండుగ దాకా నడుస్తుంది. 26న తొలి వేదసాక్షి పునీత స్తెఫాను, 28న హేరోదు చంపించిన పసిబిడ్డలు. తొట్టి పక్కనే నెత్తురు. ఆ పసిబిడ్డల రోజున మాత్రం మా ముగ్గురికీ నుదుట సిలువ గుర్తు వేసి, కేకలు వేసిన రోజులకు క్షమాపణ చెబుతాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నేను పెట్టుకున్నది.

పచ్చ ఆదివారం

అందరూ ఊదా, తెలుపు అంటున్నారు. ఆకుపచ్చ తరఫున ఒకరైనా మాట్లాడాలి కదా.

సంవత్సరంలో 33 లేదా 34 వారాలు ఆకుపచ్చ పూజా వస్త్రాల సామాన్య కాలమే. సామాన్యం అనగానే విశేషం ఏమీ లేనిదని మనవాళ్లు తీర్మానించేశారు. లతీను మూలంలో ఆ అర్థం లేదు. "సంవత్సరం పొడవునా" నడిచే కాలమనే ఉంది. ఇతర కాలాలు క్రీస్తు జీవితంలోని ఒక్కో ఘట్టాన్ని చూపిస్తే, ఈ కాలం ఒక్క సువిశేషాన్ని మొదటి నుంచి చివరిదాకా వరుసగా వినిపిస్తుంది. ఒక సంవత్సరం మత్తయి, మరుసటి సంవత్సరం మార్కు, ఆ తరువాత లూకా. సంవత్సరపు అంకెను 3తో భాగించినప్పుడు శేషం లేకపోతే అది లూకా సంవత్సరం. ఆ లెక్కన 2026 మత్తయిది, 2027 మార్కుది, 2028 లూకాది. ఆ సంవత్సరం ముందటి ఆగమన కాలంలోనే మొదలైపోతుందని మరచిపోవద్దు. మార్కు చిన్న సువిశేషం కాబట్టి, ఆ ఏడు నడుమ ఐదు ఆదివారాలు యోహాను 6వ అధ్యాయం, అంటే జీవాహారం గురించిన భాగం వస్తుంది.

పాస్కా పండుగ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 లోపు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి, సామాన్య కాలం రెండు ముక్కలవుతుంది. పెంతెకోస్తు తరువాత వారాల అంకెలను చివరి నుంచి వెనక్కి లెక్కిస్తారు. ఆఖరి వారం ఎప్పుడూ 34వదే కావాలి. అందుకే కొన్ని సంవత్సరాల్లో నడుమ ఒక వారం కనబడకుండా పోతుంది. మొదట్లో నేను దానిని ముద్రణ దోషమనుకున్నాను.

నేను చేసే పని ఇంతే: సోమవారం ఉదయమే రాబోయే ఆదివారపు సువిశేషం చదువుతాను. వారమంతా అది నా వెంట తిరుగుతుంది. ఒకసారి, విత్తువాని ఉపమానం వారంలో, నా కింద పనిచేసే కుర్రవాడిని బండ నేల అనుకుని వదిలేయబోయి ఆగాను. ఆదివారం ప్రసంగంలో గురువు ఏమి చెప్పారో గుర్తులేదు. ఆ కుర్రవాడు ఇప్పటికీ నాతోనే పనిచేస్తున్నాడు.

ఇంకొక మాట. సామాన్య కాలం చివరి ఆదివారాల పఠనాలు లోకాంతం గురించి ఉంటాయి, ఆఖరి ఆదివారం క్రీస్తు రాజు మహోత్సవం. 11వ భక్తినాథ పోపు గారు 1925లో ఆ పండుగను అక్టోబరు చివరి ఆదివారానికి స్థాపిస్తే, 1969 సంస్కరణ దానిని ఇక్కడికి తెచ్చింది. మరుసటి ఆదివారమే ఆగమన కాలం, దాని మొదటి సువిశేషం కూడా ప్రభువు రాకడ కోసం మెలకువగా ఉండమనే. సంవత్సరం ముగిసినది ఎక్కడో, మొదలైనది ఎక్కడో అతుకు కనబడదు.

గడపదీపం

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. తెల్లగుడ్డ పరిచాను, పక్కన ఒక తెల్లని కొవ్వొత్తి పెట్టాము. మా అమ్మాయి అపొస్తలుల కార్యములలో దేవాలయ ద్వారం దగ్గర కుంటివాడు గంతులు వేసిన చోట పుస్తకం లాక్కుని తనే చదివింది.

ఒక సందేహం. పాస్కా కాలపు శుక్రవారాల్లో మాంసం మానాలా? మా ఇంట్లో దీని మీద రెండు అభిప్రాయాలు ఉన్నాయి.

పాత ఉపదేశి

చట్టసంహిత 1250వ నియమం ప్రకారం సంవత్సరంలోని ప్రతి శుక్రవారమూ తపోదినమే, తపస్సు కాలపు శుక్రవారాలు మాత్రమే కాదు. అయితే శుక్రవారం నాడు మహోత్సవం వస్తే మాంసవర్జన నియమం వర్తించదు. పునరుత్థాన ఆదివారంతో మొదలయ్యే పాస్కా అష్టకంలోని ఎనిమిది రోజులూ ప్రభువు మహోత్సవాలుగా జరుపుకుంటాము కాబట్టి ఆ వారపు శుక్రవారానికి నియమం లేదు. తరువాతి శుక్రవారాలకు ఉంది. మాంసవర్జనానికి బదులు వేరే తపోక్రియను, ముఖ్యంగా దానధర్మాలను, భక్తిక్రియలను నిర్ణయించే అధికారం ఆయా దేశాల పీఠాధిపతుల సమాఖ్యకు ఉంది కాబట్టి, మీ విచారణ (పారిష్) గురువును అడిగితే మీకు వర్తించేది చెబుతారు.

ఉపవాసం వేరు. అది విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం మాత్రమే తప్పనిసరి; 18 ఏళ్లు నిండినవారి నుంచి 60వ ఏట అడుగుపెట్టేవారి వరకు. మాంసవర్జనం 14 ఏళ్లు నిండినప్పటి నుంచి. మీ ఎనిమిదేళ్ల పాపకు రెండూ లేవు, కానీ ఎందుకు చేస్తున్నామో ఆమెకు చెప్పవలసిన బాధ్యత మనకు ఉంది.

వెనుక బెంచీ

చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ ఎప్పుడూ రాయలేదు.

నా భార్య పాస్కా కాలం మూడవ వారంలో కన్నుమూసింది. ఐదేళ్లయింది. తపస్సు కాలంలో నాకు ఏ ఇబ్బందీ ఉండదు; దేవాలయమే నాతో పాటు దుఃఖంలో ఉన్నట్టు ఉంటుంది. పాస్కా కాలం రాగానే తెల్లని పూజా వస్త్రాలు, పూలు, మాటకు ముందు అల్లెలూయ, మాటకు వెనుక అల్లెలూయ. ఆ యాభై రోజులూ నోరు మూసుకుని చివరి బెంచీలో కూర్చుంటాను. యాభై రోజులు ఎందుకు జారిపోతున్నాయని గడపదీపం గారు అడిగారు. నాకు అవి జారవు, అదే నా కష్టం.

రాత్రి డ్యూటీ

వెనుక బెంచీ గారూ, నేను దైవశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. పాత ఉపదేశి గారు చెప్పాక, జాగరణకు వెళ్లలేకపోయిన లోటు తీర్చుకోవడానికి రాత్రి మూడు గంటల వేళ వార్డు సద్దుమణిగినప్పుడు ఫోనులో పాస్కా కాలపు సువిశేషాలు వరుసగా చదువుతున్నాను. సంతోషంగా ఉన్నవారి కోసం చూశాను. కనబడలేదు. యోహాను 20వ అధ్యాయంలో మగ్దల మరియమ్మ సమాధి బయట నిలబడి ఏడుస్తూ ఉంది. శిష్యులు భయంతో తలుపులు మూసుకుని ఉన్నారు. ఎమ్మావు దారిలో ఇద్దరు ముఖాలు వేలాడవేసుకుని నడుస్తున్నారు. తోమా ఎవరి మాటా నమ్మనని కూర్చున్నాడు. ఆ భాగాన్ని మూడు సంవత్సరాల చక్రంలో మారుస్తారేమో అనుకున్నాను, కానీ పాస్కా రెండవ ఆదివారం నాడు ఏటా అదే చదువుతారట.

ప్రభువు వారిలో ఎవరినీ ముందు ఏడుపు ఆపి రమ్మనలేదు. ఆయనే వారున్న చోటికి వెళ్లాడు. మీ బెంచీ కూడా ఆ వరుసలోదేనని నాకు అనిపిస్తోంది.

పాత ఉపదేశి

దీనికి ఒక్కటే కలుపుతాను. జాగరణ రాత్రి పాస్కా కొవ్వొత్తి మీద సిలువ గుర్తు, గ్రీకు అక్షరాల్లో మొదటిదీ చివరిదీ, ఆ సంవత్సరపు అంకెలు గీసి, ఐదు గాయాలకు గుర్తుగా ఐదు ధూపపు గింజలు గుచ్చే ఆచారం ఉంది. ఆ వెలుగుకు గాయాలు ఉన్నాయి. మరణించినవారి శవపేటిక పక్కన వెలిగించేది కూడా ఆ కొవ్వొత్తినే. మీ శ్రీమతి గారి పక్కన వెలిగినది అదే అయి ఉంటుంది.

వెనుక బెంచీ

ఇన్నేళ్లలో ఆ గింజలను నేను దగ్గర నుంచి చూడలేదు. ఈ ఆదివారం చూస్తాను.

ప్రశ్నార్థకం

నేను అడిగినదానికి పూర్తి జవాబు వచ్చిందని అనను. పండుగలు మనుషులను మార్చకుండానే గడిచిపోగలవన్న నా అనుమానం అలాగే ఉంది, ముగ్గురి తల్లి గారి పట్టిక కథ దానిని బలపరిచింది కూడా. కానీ ఆవిడ పసిబిడ్డల రోజున క్షమాపణ చెప్పడం గురించి రాసిన వాక్యాన్ని నాలుగుసార్లు చదివాను. మా ఇంట్లో అలాంటి ఒక్క రోజు క్యాలెండరులో రాసిపెట్టి ఉండి ఉంటే, ఎవరో ఒకరు ముందుగా మాట్లాడి ఉండేవారేమో. నాన్నగారికి ఈ రాత్రి ఫోను చేయాలనుకుంటున్నాను. ఈ రోజు ఏ పండుగా కాదు, పాస్కా నాలుగవ వారంలో ఒక మంగళవారం.

పచ్చ ఆదివారం

మంగళవారం కూడా ఆ మహా ఆదివారంలోని భాగమే, ప్రశ్నార్థకం గారూ. లెక్కలో ఏ రోజునూ తీసివేయరని ఉపదేశి గారు మొదట్లోనే చెప్పారు.

వెనుక బెంచీ

చూశాను. పూజ అయ్యాక అందరూ వెళ్లేదాకా ఆగి దగ్గరకు వెళ్లాను. ఐదు గింజల్లో కిందిది ఊడిపోయింది, మైనంలో గుంట మిగిలింది. ఆ గుంటలో వేలు పెట్టి చూశాను. తరువాతి ఆదివారం మళ్లీ చివరి బెంచీలోనే కూర్చున్నాను కానీ, అల్లెలూయ సగం దాకా పాడాను.

గడపదీపం

ఈ రోజు పెంతెకోస్తు. గురువు ఎర్రని వస్త్రాలు ధరించారు. ఆరోహణ తరువాత తొమ్మిది రోజులు పవిత్రాత్మ కోసం నవదిన ప్రార్థన చేశాము. రెండు రోజులు మరిచిపోయాము, మరిచిపోయామని ఒప్పుకుని కొనసాగించాము. అపొస్తలుల కార్యములు పూర్తి కాలేదు, పౌలు ఇంకా ఓడలో ఉన్నాడు.

మా ఇంటి కొవ్వొత్తి రెండు అంగుళాలు మిగిలింది. రేపటి నుంచి సామాన్య కాలం కదా, దానిని ఏమి చేయాలని మా అమ్మాయి అడుగుతోంది. ఈసారి తెలియకుండా జవాబు చెప్పదలచుకోలేదు.

పాత ఉపదేశి

దేవాలయంలో నేటి సాయంకాల ప్రార్థన తరువాత పాస్కా కొవ్వొత్తిని పీఠం దగ్గర నుంచి తీసి, జ్ఞానస్నానపు తొట్టి దగ్గర ఉంచుతారు. అక్కడ నుంచి ఏడాదంతా ప్రతి జ్ఞానస్నానానికీ వెలిగిస్తారు. ఇంట్లో మీరు కూడా అలాగే చేయవచ్చు: దాచి ఉంచి, మీలో ఒక్కొక్కరి జ్ఞానస్నానం రోజున వెలిగించండి.

గడపదీపం

నాది, మావారిది తెలుసు. అమ్మాయి తేదీ నాకు గుర్తులేదు, వర్షం పడుతున్నదని మాత్రం గుర్తుంది. ధ్రువపత్రం ఊదారంగు గుడ్డ దాచిన అలమరలోనే ఎక్కడో ఉండాలి. ఇద్దరమూ వెతుకుతున్నాము.